అర్ధరూపాయి బిళ్ళంత మందం

ఆర్నెల్ల కిందట ఒక ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు కడిగి బోర్లిస్తూ ఉండగా, తిరుత్తణి నుంచి మా అన్న కొడుకు ఫోనులో ఒక ఫోటో పంపాడు. డెబ్బై దాటినవాళ్ళం ఈ ఫోన్లతో పడే పాట్లు మీకూ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. పక్కింటి కోడలు వచ్చి తెరిచి పెడితే, కళ్ళజోడు తుడుచుకొని చూశాను. మూరెడు పొడవున్న ఇనుప కడ్డీ, దాని ఒంటినిండా వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తులు. కింద తమిళంలో నాలుగు ముక్కలు రాశాడు, ఎందుకంటే మా ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ చదివేవాళ్ళు నా తరంతోనే ఆఖరు. వాళ్ళ నాన్న పాత కారు నలభై ఏళ్ళకు పైగా రేకుల షెడ్డులో పడి ఉంటే, దాన్ని బాగుచేయించి మళ్ళీ రోడ్డెక్కించాలని వీడికి ముచ్చట పుట్టిందట. చెన్నైలో పాత కార్ల పని చేసే ఒక మెకానిక్కు చేత ఇంజను విప్పిస్తే, ఈ క్యామ్ షాఫ్టు ఈ హెడ్డుకు చెందినది కాదు, అప్పట్లో ఎవరో తప్పుగా వేశారు అన్నాడట. మీ మామగారి పాత సామానులో ఏమైనా మిగిలి ఉందేమో చూస్తావా అత్తా అని అడిగాడు.

వాడు మామూలుగానే అడిగాడు. నేను మాత్రం బోర్లించిన గ్లాసునే మళ్ళీ తీసి కడిగాను. ఆ షాఫ్టు అందులోకి ఎలా వెళ్ళిందో తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే ఉండేవారు. అందులో ఒకరు పోయి చాలా ఏళ్ళయింది. రెండోదాన్ని నేను.

మా పుట్టిల్లు తిరుత్తణి దగ్గర పల్లె. రాయల కాలంలో వచ్చి స్థిరపడ్డాం అని మా పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకొనేవాళ్ళు గానీ, నాకు తెలిసి మా ఇంట్లో రాయల కాలం నాటిది ఏదీ లేదు, చెరుకు తోట, రెండు ఎద్దులు, ఒక మొండి అన్న తప్ప. ఆ అన్నకు సేద్యం గిట్టలేదు. ఎక్కడో దొరల బంగళాలో తిరిగి తిరిగి అరిగిపోయిన నల్లటి సీమ కారును ఒకదాన్ని కొనుక్కొచ్చి, టాక్సీగా నడపడం మొదలుపెట్టాడు. స్టేషనులో దిగిన భక్తులను కొండ మీది గుడికి ఎక్కించడం, దర్శనం అయ్యాక దించడం, వీలైతే తిరుపతి దాకా తీసుకుపోవడం. ఆ కారంటే అన్నకు ప్రాణం. వదిన కొప్పులో పూలు ఉన్నాయో లేదో చూడడు గానీ కారు ముందర మల్లెపూల దండ లేనిదే బండి తీసేవాడు కాదు.

కొండ ఎక్కీ ఎక్కీ ఆ ఇంజను మరిగిపోయేది. మరిగిన ప్రతిసారీ దాన్ని తిరువళ్ళూరు తీసుకుపోయేవాడు, ఎందుకంటే అలాంటి పాత ఇంజనులను విప్పి మళ్ళీ కూర్చగల మనిషి ఆ చుట్టుపక్కల అక్కడే ఒకాయన ఉండేవాడు. అలా పోతూ వస్తూ ఉండగా ఆయనకొక కొడుకు ఉన్నాడని అన్నకూ, ఇతనికొక చెల్లెలు ఉందని ఆయనకూ తెలిసింది. మన కాలంలో సంబంధాలు జాతకాల వల్ల కుదిరాయనీ, మేనరికాల వల్ల కుదిరాయనీ అంటారు. నాది మాత్రం వంగిన సిలిండర్ హెడ్డు వల్ల కుదిరింది. డెబ్బైల నడుమ, ఆ హెడ్డును మొదటిసారి చెక్కించిన ఏడాదే, నేను తిరువళ్ళూరు కోడలినై వచ్చాను.

మామకు భార్య పోయి చాలాకాలమైంది. మా ఆయన పొద్దున్నే రైలెక్కి ఆవడి వైపు ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. ఇక పగలంతా ఇంట్లో నేను, ఇంటి వెనక పట్టరైలో మామ. పట్టరై అంటే తెలియనివాళ్ళకు, అరవంలో పనిచేసే కొట్టం అని చెప్పుకోండి; తాటాకు కప్పు, మట్టి నేల, గోడంతా నూనె మరకలు. మామ పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, చిల్లుల బనీను, ముక్కు చివర కళ్ళజోడు. మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉండేవాడు. ఆయనకు పొలం లేదు, ఆ ఇల్లు కూడా తర్వాత మా ఆయన కొనేదాకా అద్దెదే. ఆయనకున్నదల్లా ఒక్క పేరు. ఆయన కూర్చిన ఇంజను పని చెడిందని వెనక్కి రాదు, ఆ పేరు. తిరుత్తణి టాక్సీ స్టాండు నుంచి పెరియపాళయం రైసుమిల్లుల దాకా ఆ ఒక్క పేరు మీదే ఇంజనులు ఎద్దుబండ్ల మీద ఎక్కి మా గడపకు వచ్చేవి.

నేను మొదట కాఫీ ఇవ్వడానికి వెళ్ళి నిలబడేదాన్ని. తర్వాత స్పానరు అందించాను. ఒకరోజు వాల్వులకు పేస్టు పూసి అరగదీస్తుంటే ఆయన వేళ్ళు వణకడం చూసి, నేను చేస్తాను ఇవ్వండి మామా అన్నాను. పిండి రుబ్బిన చేతులకు అదెంత పని. అరగంటలో వాల్వు తన గూట్లో చుక్క నీళ్ళు కూడా కారకుండా కూర్చుంది. ఆయన కిరోసిను పోసి చూసి, తల పంకించి, మరుసటి రోజు నుంచి ఆ పని నా కోసం అట్టే పెట్టేవాడు. కొత్తకోడలి గోళ్ళలో గ్రీజు ఏమిటని వీధిలో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా ఆయన మాత్రం అన్నం కలిపేటప్పుడు బాగా చేతులు కడుక్కో అని ఊరుకున్నాడు, పాపం మంచి మనిషి.

ఇక్కడ కాస్త ఇంజను సంగతి చెప్పాలి, విసుక్కోకండి. ఇంజను లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి, వాటి నెత్తిన మూతలాగా హెడ్డు, ఆ హెడ్డులో తెరుచుకొని మూసుకొనే వాల్వులు. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత కిందికి దిగాలో చెప్పేది క్యామ్ షాఫ్టు మీది ఆ గుడ్ల ఎత్తు. ఒకే రకం కారులో కూడా పాతదానికి ఒక ఎత్తు, కొత్తగా వచ్చినదానికి గోరంత ఎక్కువ ఎత్తు. పైకి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, రెండూ రెండు ఇంజన్లలోనూ పడతాయి. కానీ మరిగి వంగిన హెడ్డును లేతులో పెట్టి చెక్కిన కొద్దీ అది పలచబడి, వాల్వులు పిస్టన్ నెత్తికి దగ్గరవుతాయి. అలాంటి హెడ్డుకు ఎత్తు తక్కువ షాఫ్టే ఉండాలి. ఎక్కువ ఎత్తుది వేస్తే వాల్వు ఇంకొంచెం దిగి, ఏదో ఒకరోజు జోరు మీద పిస్టనుకు తగులుతుంది. తగిలితే ఇక అంతే.

అందుకని మామకు ఒక పద్ధతి ఉండేది. హెడ్డుకూ షాఫ్టుకూ జత కుదిరిందా లేదా అని తెలుసుకోవడానికి వంటింట్లోంచి గోధుమపిండి ముద్ద తెప్పించేవాడు. నూనె రాసి గట్టిగా పిసికిన ఆ ముద్దను పిస్టన్ నెత్తిన అతికించి, హెడ్డు బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పేవాడు. వాల్వు దిగినచోట ముద్ద మీద గుంట పడేది. దాన్ని బ్లేడుతో కోసి, గుంట అడుగున మిగిలిన పిండి ఎంత మందం ఉందో చూడాలి. దానికి ఆయన కొలత ఒక పాత అర్ధరూపాయి బిళ్ళ. కళ్ళజోడు డబ్బాలో పెట్టుకొని తిరిగేవాడు. బిళ్ళంత మందం ఉంటే జత కుదిరినట్టు. కుదిరిన జత విడిపోకుండా, షాఫ్టును హెడ్డు పక్కన పెట్టి, పసుపు పూసిన దారంతో రెండింటినీ కలిపి కట్టేవాడు. ఏ కొత్త దంపతులకో కంకణం కట్టినంత శ్రద్ధగా కడుతుంటే నాకు నవ్వొచ్చేది. ఒకసారి దారం పడ్డాక మళ్ళీ ముద్ద అక్కర్లేదు, దారం చూసి కళ్ళు మూసుకొని బిగించడమే. రెండేళ్ళు తిరిగేసరికి ముద్ద కలపడం, కోయడం, దారం కట్టడం అంతా నా చేతికే వచ్చింది. ఊళ్ళోవాళ్ళ ముందు ఆయన ఒకసారి నన్ను చూపించి, ఈ అమ్మాయి చేతికే కొలత తెలుసునప్పా, నాకు బిళ్ళ కావల్ల, దానికి బిళ్ళ గూడా వద్దు అన్నాడు. ఆ మాట తలచుకొని నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఏడు ఆయుధ పూజకు ముందు పట్టరైలో రెండు ఇంజనులు విప్పి ఉన్నాయి. ఒకటి మా అన్నది, మూడోసారి చెక్కించిన హెడ్డుతో. రెండోది ఒక రైసుమిల్లు యజమానిది, అదే రకం కారు గానీ కాస్త తర్వాత వచ్చినది. అన్న ఇంజనుకు ముద్ద పెట్టి చూశాం, సరిపోయింది, పసుపు దారం కట్టేశాను. హెడ్డు కింద పరిచే గాస్కెట్లు మద్రాసు నుంచి రావలసి ఉండి బిగించకుండా ఆపాం. మిల్లు ఇంజనుకు హెడ్డు అప్పుడే వచ్చింది, ముద్ద ఇంకా పెట్టలేదు, కలిసిపోకుండా దాని షాఫ్టును దాని హెడ్డుకు పసుపు లేని ఉత్తి దారంతో కట్టి పెట్టాం.

పూజ ముందురోజు నాకు భక్తి పూనింది. ఆయుధ పూజ అంటే మన వైపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్పానర్లు, సుత్తెలు, వైసు, ఆఖరికి కిరోసిను డబ్బా కూడా కడిగి, గంధం బొట్టు, కుంకుమ బొట్టు పెట్టి, బొరుగులూ పుట్నాలూ నైవేద్యం పెట్టి, దిష్టి గుమ్మడికాయ కొట్టాలి. మామ కూరగాయల మార్కెట్టుకు పోయిన సమయంలో నేను పట్టరై అంతా ఊడ్చి, అక్కడున్న ప్రతి ఇనుప ముక్కనూ కిరోసినులో ముంచి తోమాను. హెడ్లూ షాఫ్టులూ మురికిగా ఉన్నాయి, దారాలు నూనెతో నల్లబడి పూజకు పనికిరాకుండా ఉన్నాయి. విప్పి పారేశాను. కడిగాను, తుడిచాను, ఎండలో వరసగా పెట్టాను, పసుపు ముద్దగా పూసిన కొత్త దారాలు తెచ్చుకున్నాను. హెడ్లు రెండూ నాకు తెలుసు. షాఫ్టుల దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగింది. ఎడమ పక్కన పెట్టింది అన్నదా, కుడి పక్కనదా? ఆరబెట్టేటప్పుడు ఒకసారి నీడ మారిందని జరిపాను, అది గుర్తుంది. వేలితో గుడ్లు తడిమి చూశాను. ఒకలాగే అనిపించాయి. నా చేతికే కొలత తెలుసునన్నారు కదా, ఇంకొకరిని అడగడమేమిటి అనుకొని ఒకదాన్ని తీసి కట్టేశాను.

మామ వచ్చాక చెప్పి ఉండవచ్చు. మామా, దారాలు విప్పాను, నాకు అనుమానంగా ఉంది, ఇంకొకసారి ముద్ద పెడదాం అంటే సరిపోయేది. పిడికెడు పిండి, ఒక గంట పని. ఆయన నన్ను తిట్టేవాడు కూడా కాదు. కానీ పట్టరై గుమ్మంలో నిలబడి, తళతళలాడే ఇనుమునూ కొత్త పసుపు దారాలనూ చూసి, లక్ష్మీకళ వచ్చింది అమ్మాయి అని ఆయన అంటుంటే, ఆ మాటకు మచ్చ పడనివ్వాలనిపించలేదు. గొప్పలకు పోయే బుద్ధి నాది, అప్పుడూ ఉంది, ఇప్పుడూ అంతో ఇంతో ఉంది.

విజయదశమి నాడు, మంచి రోజని, గాస్కెట్లు వచ్చాయని, అన్న ఇంజను బిగించాం. దారం విప్పింది మామే. అన్న వచ్చి బండి తీసుకుపోయాడు. విచిత్రం ఏమిటంటే మొదట్లో ఆ బండి మునుపెన్నడూ లేనంత హుషారుగా నడిచిందట. దారిన పోయేవాళ్ళ చేత కూడా మామ పనితనం గొప్పదని కబురు పంపాడు. ఆ కబురు విని నా అనుమానం చల్లబడింది.

పదిహేను రోజులు గడిచాయో లేదో, కొండ మీద జనం పోటెత్తిన ఒకరోజు, అన్న భక్తులను ఎక్కించుకొని కొండ దిగుతున్నాడు. దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకుండా తక్కువ గేరులో ఇంజనును పట్టి దించడం ఆ కొండ డ్రైవర్ల అలవాటు. అలా దిగుతుంటే ఇంజను గొంతెత్తి అరుస్తుంది, లోపల అన్నీ జోరుగా తిరుగుతాయి. ఒక మలుపులో లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆ వెంటనే పొగ, నూనె. అన్న బండిని పక్క గోడకు రాసి ఎలాగో ఆపాడు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వాల్వు తల తెగి పిస్టనును పొడిచి, పిస్టన్లు ఆడే ఇనుప దిమ్మ, బ్లాకు అంటారు, నిలువునా పగిలింది. ఆ పాత కారుకు బ్లాకు ఎక్కడా దొరకలేదు, దొరికినా కొనే తాహతు లేదు. మా అన్న సొంత బండి నడపడం ఆ మలుపులోనే ఆగిపోయింది. తర్వాత ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం ఊళ్ళో వాళ్ళ వ్యాన్లకు డ్రైవరుగానే పనిచేశాడు.

రెండో రోజు అన్న తిరువళ్ళూరు వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. పట్టరై ముందర నిలబడి, వీధంతా వింటుండగా, మామా, మిమ్మల్ని దేవుణ్ణి నమ్మినట్టు నమ్మినాను గదా, నా నోటికాడి కూడు ఎత్తేసినారే, కండ్లు కనపడకపోతే కనపడలేదని చెప్పకూడదా, ఇంకొకరి కాడికి పొయ్యుంటాను గదా అన్నాడు. అంత మాటా అన్నాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. నేను వంటింటి తలుపు చాటున, చేతిలో మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నాను. మామ కళ్ళజోడు తీసి బనీను అంచుతో తుడుచుకొని, ఆ మాట నిజమే నాయనా, చూపు మసక బట్టింది, తప్పు నాదే అన్నాడు. ఆయన అప్పుడు నిజంగానే అలా అనుకున్నాడు. అన్న వెళ్ళిపోయాడు. చెంబులో నీళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఆ వారమే మిల్లు ఇంజను కూర్చడానికి కూచున్నాం. ముద్ద పెట్టాలి అన్నాడు. కలిపి ఇచ్చాను. తిప్పి, విప్పి, కోసి చూస్తే గుంట అడుగున పిండి బిళ్ళంత కాదు, దానికి రెండింతలకు పైగా ఉంది. వాల్వు దిగవలసినంత దిగలేదన్నమాట. మామ షాఫ్టును బయటికి తీసి, వెలుతురులోకి పట్టుకుపోయి, బొటనవేలితో ఒక్కొక్క గుడ్డునూ నెమ్మదిగా తడిమాడు. తర్వాత విప్పి పక్కన పెట్టిన పసుపు దారం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అది మా అన్న షాఫ్టు. దీని షాఫ్టు అక్కడ కొండ మలుపులో పగిలిన ఇంజనులో ఉంది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన చేతులు తుడుచుకొని, ఆ ముద్ద పారేసి రా అమ్మాయి అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నమే ఆయన తిరుత్తణి బస్సెక్కి, అబ్బోడా, తప్పు నా కండ్లది కాదు, నీ చెల్లెలు దారం మార్చి కట్టింది అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన పేరు ఆయనకు తిరిగి వచ్చేది. ఆయన వెళ్ళలేదు. మద్రాసు పోయి ఎక్కడో పాత సామాను అంగళ్ళలో వెతికి మిల్లు ఇంజనుకు ఇంకో షాఫ్టు తెచ్చి వేశాడు. అన్న షాఫ్టుకు గ్రీజు పూసి, గోనెపట్టాలో చుట్టి, అటక మీద పెట్టాడు. టాక్సీ స్టాండులో మాత్రం తిరువళ్ళూరు పెద్దాయనకు కండ్లు పోయినాయంట అన్న మాట పాకింది. ఇంజనులు రావడం ఒకటొకటిగా ఆగిపోయింది. ఏడాది తిరగకుండా ఆయన సైకిలెక్కి పాండూరు పొలాల్లో పంపుసెట్లు బాగుచేసుకుంటూ తిరిగాడు. బురద కాళ్ళతో ఇంటికి వచ్చి, చెంబెడు నీళ్ళు పోసుకొని, ఖాళీ పట్టరైలో కాసేపు ఊరికే కూర్చొని వచ్చేవాడు. ఆ కూర్చోవడం చూడలేక నేను వంటింట్లో ఏదో ఒకటి దడదడా సర్దుతుండేదాన్ని.

మరుసటి ఏడు ఆయుధ పూజకు నేను కిరోసిను గిన్నె పట్టుకొని పట్టరైలోకి పోతుంటే, ఈతూరి దారాలు ఇప్పొద్దు అమ్మాయి, పైపైన తుడిస్తే చాలు అన్నాడు. కోపంగా కాదు, ఉప్పు తక్కువగా వేయమన్నంత మామూలుగా. ఆ విషయం మీద ఆయన జీవితంలో అన్నది ఆ ఒక్క మాటే.

మరి నేనెందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. మొదట భయం. అటు పుట్టింట్లో, ఇటు అత్తింట్లో తల ఎత్తుకోలేనని. తర్వాత, మామే తన మీద వేసుకున్నాక నేను నోరు విప్పితే ఆయన మాటను అబద్ధం చేసినట్టవుతుందని ఒక సాకు. ఆ సాకు మీద చాలా ఏళ్ళు కాలక్షేపం చేశాను. అన్న మా ఇంటికి రావడం మానేశాడు. ఆడి కృత్తిక నాటి కొండ తిరునాళ్ళకు వచ్చే పిలుపు ఆగిపోయింది, ఏటా వచ్చే పుట్టింటి చీర ఆగిపోయింది. మా అమ్మ పోయినప్పుడు నేను వెళ్తే అందరితోపాటు నన్నూ పలకరించాడు గానీ, వెంట వచ్చిన మామ వైపు తలెత్తి చూడలేదు. మామ ఆ ఇంటి అరుగు చివర ఒక్కడే కూర్చొని, ఎవరూ మంచినీళ్ళు ఇవ్వకపోతే తానే లేచి బోరింగు కొట్టుకొని తాగాడు. అది నేను చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు.

ఎనభైల నడుమ మామ పోయాడు. పెద్దగా జబ్బు ఏమీ లేదు, ఒక పొద్దున కాఫీ చల్లారిపోతున్నా లేవలేదు. మన వైపు పోయినవాళ్ళ నొసటన ఒక నాణెం అతికిస్తారు కదా, దానికోసం ఇంట్లో ఎవరో రూపాయి వెతుకుతుంటే, నేను వెళ్ళి ఆయన కళ్ళజోడు డబ్బాలోంచి ఆ అర్ధరూపాయి బిళ్ళ తెచ్చి పెట్టాను. నేను చేయగలిగిన క్షమాపణ అదొక్కటే అనిపించింది. అది ఆయనతోనే వెళ్ళిపోయింది. అన్న ఆ రోజు వచ్చాడు, వీధి మలుపు దాకా వచ్చి, పాడె లేచాక దూరం నుంచే దండం పెట్టుకొని తిరుగు బస్సెక్కి పోయాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ ఫోటో చూశాక, నిచ్చెన వేయించి అటక మీది మూట దింపించాను. గోనెపట్టా చివికిపోయింది గానీ గ్రీజు కింద షాఫ్టు చెక్కుచెదరలేదు. దాని నడుముకు ఒక దారం ముక్క కట్టి ఉంది, పసుపు రంగు ఎప్పుడో పోయింది. హెడ్డు లేకపోయినా దారం ఎందుకు కట్టాడో, ఎప్పటికైనా అన్న వస్తాడనుకున్నాడో, నాకు తెలియదు. పాత చీర ముక్కలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని తిరుత్తణి బస్సు ఎక్కాను.

అన్నకు ఎనభై వచ్చాయి. చెవులు మందం, మోకాళ్ళు పనిచేయవు. మంచం పక్కన కూర్చొని, షాఫ్టు చేతిలో పెట్టి, ఆయుధ పూజ నాటి నుంచి ఉన్నదంతా గట్టిగా, పక్కింటికి వినపడినా ఫరవాలేదన్నట్టుగా చెప్పేశాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన ఆ ఇనుప గుడ్లను ఒక్కొక్కటే తడిమి, మామ ఉండంగా చెప్పుంటే పొయ్యి కాళ్ళు పట్టుకునుందును గదా మే, ఇప్పుడు యాడికి పోయేది నేను అన్నాడు. బండి గురించి ఒక్క మాట అడగలేదు.

పోయిన వారం మేనల్లుడు మా ఇద్దరినీ చెన్నైలోని ఆ పట్టరైకి తీసుకుపోయాడు. దాన్ని పట్టరై అనకూడదేమో, ఆసుపత్రిలా ఉంది. తెల్లటి నేల, గోడకు కంప్యూటరు, ప్రతి సామానూ నంబరు వేసిన డబ్బాలో, ఏ షాఫ్టు ఏ హెడ్డుదో అందులోనే రాసి ఉంటుందట. అక్కడ ఎవరు ఎంత తోమినా జతలు మారవు. వాళ్ళు ఎక్కడో పాత బ్లాకు సంపాదించి, ఆ పాత హెడ్డును బాగుచేసి, మా షాఫ్టును అందులో వేశారు. కొలతలన్నీ మిషన్ల మీద ఎప్పుడో తీసేశారు. అయినా నేను ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్న గోధుమపిండి ముద్దను చూసి ఆ మెకానిక్కు, మంచివాడు, నవ్వకుండా పిస్టన్ నెత్తిన అతికించనిచ్చాడు. హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పాడు. బ్లేడుతో కోసింది నేనే. కుర్చీలో కూర్చున్న అన్న, సరిగ్గా ఉండాదా మే అని అడిగాడు. ఉండాది అన్నాను. ఆ అబ్బాయి చెత్తబుట్ట ముందుకు జరిపాడు గానీ, పారేయబుద్ధి కాక రుమాలులో చుట్టుకొని ఇంటికి తెచ్చాను.

ఇప్పుడది వంటింటి కిటికీలో ఎండి రాయిలా ఉంది. మేనల్లుడు నిన్న ఫోనులో బండి చప్పుడు వినిపించాడు, రాబోయే కృత్తికకు మమ్మల్ని అందులోనే కొండకు తీసుకుపోతానన్నాడు. అన్న వస్తానన్నాడు. నేనూ వస్తానన్నాను. ఫోను పెట్టేశాక ఆ ముద్దను చేతిలోకి తీసుకొని గుంట అడుగున వేలు పెట్టి చూశాను. సరిపోయిందనే నా వేలు చెబుతోంది. కానీ ఒకసారి నా వేలు చెప్పిన మాట నమ్మి ఏం చేశానో నాకు తెలుసు, బిళ్ళ పెట్టి చూస్తేనే గానీ మనసుకు తృప్తి ఉండదు. ఇల్లంతా వెతికాను. ఆ పాత అర్ధరూపాయిలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు, ఉన్న ఒక్కదాన్నీ నేనే ఆయన నొసటన పెట్టి పంపేశాను.